ఏ జబ్బు ఏ దారిన ఇంట్లోకి వస్తుంది? డెల్టా ఊళ్లలో అంటువ్యాధుల ముప్పును మీరే లెక్క వేసుకోవడం ఎలా

ధవళేశ్వరం దగ్గర కాలువలకు నీళ్లు వదిలిన దగ్గర్నుంచి దీపావళి దాటేదాకా మన డెల్టాలో జ్వరాల కాలం. ఎవరికి ఒళ్లు వెచ్చబడినా "వైరల్ ఫీవరంట", "టైఫాయిడంట" అని మాట పాకిపోతుంది. జబ్బు పేరు తెలిసినంత మాత్రాన అది ఆగదు. ఏ దారిన ఇంట్లోకి వస్తుందో తెలిస్తే మాత్రం ఆ దారి మూయొచ్చు. అందుకే ఇక్కడ జబ్బుల జాబితా ఒప్పజెప్పడం లేదు. మీ ఇంటికి, మీ ఇంట్లో మనుషులకి ఏ ముప్పు ఎక్కువో మీరే లెక్క తేల్చుకునే పద్ధతి చెబుతున్నాను. ఒక కాగితం, పెన్ను, టార్చి లైటు ఉంటే చాలు. ఆదివారం పొద్దున మొదలుపెడితే భోజనాల వేళకి మొదటి విడత అయిపోతుంది.

ముందు కాగితం మీద ఐదు గడులు గీయండి

మొదటి గడికి "నీళ్లు, తిండి" అని పేరు పెట్టండి. నీళ్ల విరేచనాలు, కలరా, టైఫాయిడ్, కామెర్లలో ఏ (A), ఈ (E) రకాలు, పిల్లల కడుపులో నులిపురుగులు ఇందులోకి వస్తాయి. రెండో గడి "దోమ": డెంగీ, చికున్‌గున్యా, మలేరియా, బోదకాలు. మూడోది "బురద, జంతువులు": ఎలుక జ్వరం, స్క్రబ్ టైఫస్, కుక్కకాటు వల్ల వచ్చే రేబీస్. నాలుగోది "గాలి, తాకిడి": క్షయ, ఫ్లూ, కోవిడ్, తట్టు, కండ్లకలక, గజ్జి. ఐదోది "రక్తం, శరీర సంబంధం": హెచ్‌ఐవీ, కామెర్లలో బి, సి రకాలు.

కామెర్లు రెండు గడుల్లో ఉన్నాయని గమనించే ఉంటారు. మనం ఒకే జబ్బుగా మాట్లాడుకునే కామెర్లు నిజానికి కళ్లు పచ్చబడే ఒక లక్షణం. కారణాలు వేరు, ముప్పు వేరు, జాగ్రత్తలు వేరు. ఎలుక జ్వరం ముదిరినా కళ్లు పచ్చబడతాయి. కాబట్టి "కామెర్లే కదా" అని తేల్చేయకండి.

ఇప్పుడు ఒక్కో గడి దగ్గర మీ ఇంటి సంగతి రాద్దాం. మొదటి గడికి ఎక్కువసేపు పడుతుంది, పట్టనివ్వండి.

గ్లాసు నుంచి కాలువ దాకా వెనక్కి వెళ్లండి

డెల్టాలో సముద్రం వైపు వెళ్లేకొద్దీ బోరు నీళ్లు ఉప్పు. అందుకే చాలా ఊళ్లలో మంచినీళ్లంటే కాలువ నీళ్లే. కాలువ నుంచి మంచినీళ్ల చెరువుకి, అక్కణ్ణించి నీటిని వడకట్టే ఫిల్టర్ బెడ్లకి, ఆ తర్వాత ఓవర్‌హెడ్ ట్యాంకుకి, ట్యాంకు నుంచి గొట్టాల్లో కుళాయికి, కుళాయి నుంచి బిందెకి. ఈ మజిలీల్లో ఎక్కడ మురుగు కలిసినా తాగేది మనమే. మీ ఊరి నీళ్లు ఈ దారిలోనే వస్తున్నాయా, మధ్యలో ఏదైనా మజిలీ ఎగిరిపోయిందా అన్నది అడిగి తెలుసుకుని రాయండి. ఫిల్టర్ బెడ్లు పాడై, చెరువు నీళ్లు నేరుగా ట్యాంకెక్కితే మీ ముప్పు ఒక్కసారిగా పెరిగినట్టే.

కాలం కూడా చూడాలి. కాలువలు కట్టేసిన ఏప్రిల్, మే నెలల్లో చెరువుకి కొత్త నీరు రాదు. ఉన్న నీరు తగ్గుతూ పచ్చబడుతుంది. జూన్‌లో కాలువలు వదిలాక వచ్చే తొలి నీరు ఇంకా ప్రమాదం. ఎండిన కాలువలో అన్నాళ్లు పడేసిన చెత్త, గట్ల మీది మలం, చచ్చిన జంతువులు అన్నీ ఆ నీళ్లతోనే కొట్టుకొస్తాయి. తర్వాత వరద గోదారి ఎర్రనీళ్లు. బురద నీటిలో క్లోరిన్ సరిగా పనిచేయదు. క్రిముల్ని చంపాల్సిన మందు మట్టి మీదే ఖర్చయిపోతుంది. పటిక తిప్పితే మట్టి అడుక్కి దిగి నీళ్లు తేటపడతాయి తప్ప క్రిములు చావవు. పటికతో తేర్చిన నీటిని కూడా కాచే తాగాలి.

ఇక లేచి వీధిలోకి వెళ్లండి. మీ ఇంటి కనెక్షన్ గొట్టం మురుగు కాలువను ఎక్కడ దాటుతోందో చూడండి. చాలా వీధుల్లో అది కాలువ మీంచి కాదు, లోంచే పోతుంది. జాయింటు దగ్గర సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తాడుతో బిగించి ఉంటుంది. నీళ్లు వదిలిన వేళ అక్కడ సన్నగా చిమ్ముతుంటే "కాస్త నీరు పోతోందిలే" అనుకుంటాం. అసలు ప్రమాదం నీళ్లు ఆపాక మొదలవుతుంది. గొట్టంలో ఒత్తిడి పడిపోగానే అదే చిల్లు గుండా మురుగు లోపలికి వెళ్తుంది. మర్నాడు నీళ్లు వదిలినప్పుడు ముందుగా బిందెలోకి వచ్చేది అదే. కుళాయి గొట్టానికి నేరుగా మోటారు బిగించి లాగే ఇళ్లు ఆ లైనులో ఉంటే మురుగు ఇంకా ఎక్కువ లాగుతుంది.

చేయాల్సినవి మూడు. రోజూ మొదటి కొద్ది నిమిషాల నీటిని గిన్నెలు తోమడానికి, మొక్కలకి వదిలేయండి. లీకు దగ్గర ఫొటో తీసి గ్రామ సచివాలయంలో రాతపూర్వకంగా ఇవ్వండి, వీలైతే వీధిలో పది మంది సంతకాలతో. మీ ఇంటి గొట్టాన్ని మీరే మురుగు మట్టానికి పైకి లేపించండి. ప్లంబర్‌కి ఒక పూట పని. ఇంటి ఖర్చుల్లో దీన్ని వాయిదా వేయొద్దని నా మాట.

కుళాయి నీటిలో క్లోరిన్ ఉందో లేదో చూసే చిన్న కిట్టు పంచాయతీ దగ్గర ఉండాలి. నీటిలో మందు చుక్కలు వేస్తే క్లోరిన్ ఉన్నప్పుడు పసుపు రంగు తిరుగుతుంది. లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ కుళాయి దగ్గర మిగిలి ఉండాలన్నది ప్రమాణం. ట్యాంకు దగ్గర కాదు, వీధి చివరి కుళాయి దగ్గర చూడమని అడగండి. అడగడం మీ హక్కు.

ఇంట్లో చేయగలిగిన ఖాయమైన పని కాచడం. గోరువెచ్చగా కాదు, బుడగలు వచ్చి తెర్లాలి. అలా కనీసం ఒక నిమిషం మరిగితే చాలు. చల్లారాక కుళాయి బిగించిన డబ్బాలోనో, కాడ ఉన్న గరిటెతో తీసుకునేలా మూత పెట్టిన బిందెలోనో ఉంచండి. గ్లాసు ముంచి తీస్తే, ఆ వేళ్లకి ఉన్నదంతా బిందెలోకి వెళ్తుంది. కొనుక్కునే 20 లీటర్ల టిన్ను నీళ్లు భద్రమని చాలామంది ధీమాగా ఉంటారు. ఆర్‌ఓ నీటిలో క్లోరిన్ మిగలదు కాబట్టి టిన్ను సరిగా కడగకపోయినా, రోజుల తరబడి మూత తీసి ఉంచినా, అందులో చేరిన క్రిముల్ని ఆపేది ఏదీ ఉండదు. టిన్ను లోపలి గోడని ఓసారి వేలితో రాసి చూడండి. జిగురుగా తగిలితే ఆ టిన్ను వాడొద్దు.

పల్లపు ఊళ్లలో ఇంకో సంగతి ఉంది. నేల కింద నీరు చాలా పైనే ఉంటుంది. మరుగుదొడ్డి గుంత, చేతిపంపు దగ్గర దగ్గరగా ఉంటే రెండింటి నీళ్లూ ఒకటే. కనీసం 15 మీటర్లు, అంటే సుమారు 50 అడుగుల ఎడం ఉండాలి. స్థలం లేక ఎడం ఇవ్వలేకపోతే ఆ పంపు నీళ్లు వాడకానికే గానీ తాగడానికి కాదు.

విరేచనాలు పట్టుకుంటే మొదటి గంటలో ఏం చేయాలో ఇంట్లో అందరికీ తెలియాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తాన్ని లీటరు నీటిలో కలపండి, సగం సగం కాదు. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి. కలిపిన నీటిని 24 గంటలు దాటాక పారబోయండి. రెండేళ్ల లోపు బిడ్డకి ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు చెంచాతో పట్టాలి. ఆరు నెలలు దాటిన పిల్లలకి రోజుకు 20 మిల్లీగ్రాముల జింక్ 14 రోజులు ఇస్తారు. ఆశా కార్యకర్తని అడిగితే రెండూ దొరుకుతాయి. తల్లిపాలు ఆపకూడదు. బియ్యం కడుగునీళ్లలా ధారగా పోతుంటే అది కలరా కావచ్చు, గంటల్లో మనిషి పడిపోతాడు. తాగిస్తూనే 108కి ఫోన్ చేయండి.

దోమ గడి

దోమలన్నీ ఒకటే అనుకోవడం వల్ల మన శ్రమ సగం వృథా అవుతోంది. డెంగీ దోమ పగలు కుడుతుంది, శుభ్రమైన నిలవ నీటిలో పెరుగుతుంది. బోదకాలు తెచ్చే దోమ రాత్రి కుడుతుంది, మురుగులో పెరుగుతుంది. మురుగు కాలువలో బ్లీచింగ్ చల్లించుకుని డెంగీ రాదనుకుంటే పొరపాటు. డెంగీ ఇంటి ఆవరణలోనే పుడుతుంది.

కోనసీమలో అయితే ముందు కొబ్బరి డొక్కల గుట్ట దగ్గరికి వెళ్లండి. దింపు అయ్యి, కాయ ఒలిచాక పెరట్లో మిగిలిన డొక్కలు, చిప్పలు, తాగి పడేసిన బొండాలు. ఒక్క వాన చాలు. వెల్లకిలా పడ్డ చిప్పలో టార్చి వేసి చూడండి. వెంట్రుక ముక్కల్లాంటి పురుగులు నీటి పైన తలకిందులుగా వేలాడుతుంటాయి. మీ నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుక్కి పోతాయి. అవే డెంగీ దోమ పిల్లలు. గుడ్డు నుంచి దోమగా ఎగరడానికి వారం, పది రోజులు పడుతుంది. శుక్రవారం డ్రై డే చేయమని ఆరోగ్య శాఖ చెప్పేది ఈ లెక్కతోనే. వారానికోసారి నీళ్లు పారబోస్తే అవి దోమలు కాకముందే పోతాయి.

పారబోయడం ఒక్కటే చాలదు. ఆ దోమ గుడ్లు తొట్టి గోడకి, నీటి అంచు వెంబడి అంటుకుని ఉంటాయి, నెలల తరబడి ఎండినా చావవు. నీళ్లు పట్టగానే మళ్లీ పిల్లలవుతాయి. కాబట్టి తొట్టిని పీచు పెట్టి రుద్ది కడిగి ఎండనివ్వాలి. ఫ్రిజ్ వెనక ట్రే, కూలర్ అడుగు, పక్షులకి పెట్టిన ముంత, మేడ మీద ట్యాంకు మూత, గేదెల తొట్టి, పాత టైర్లు, పడవలో నిలిచిన నీళ్లు, ఇల్లు కడుతుంటే ఇటుకలు తడిపే తొట్టి, ఇవన్నీ చూడాలి. ఆరిన చిప్పల్ని బోర్లించి, పైన కప్పేయండి. పొగ కొట్టించడం మీద మనకి నమ్మకం ఎక్కువ. అది ఎగిరే దోమల్నే చంపుతుంది, చిప్పలో ఉన్నవాటిని ఏమీ చేయదు.

బోదకాలు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. గోదావరి జిల్లాల్లో ఇది తరాల నుంచి ఉంది. పురుగు ఒంట్లో చేరాక ఏళ్ల తరబడి బయటికి ఏమీ కనిపించదు. కాలు వాచేసరికి లోపల ఒంట్లో ఊరే నీటిని మోసే లింఫు నాళాలు దెబ్బతినిపోతాయి. అందుకే మీ ఊళ్లో మాత్రలు పంచినప్పుడు "నాకేం లేదు కదా" అని పక్కన పెట్టకండి. ఏమీ లేనట్టు కనిపించే మనిషి రక్తంలోంచే దోమ దాన్ని ఇంకొకరికి మోస్తుంది. గర్భిణులు, రెండేళ్ల లోపు పిల్లలు, బాగా జబ్బుపడ్డవాళ్లు మాత్రం వేసుకోకూడదు. రక్త పరీక్షకి రాత్రిపూట ఇంటికొస్తే విసుక్కోకండి, ఆ పురుగు పిల్లలు రక్తంలోకి వచ్చేది రాత్రే. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి సన్న మెష్ కట్టండి. చవకైన పని, ఫలితం ఎక్కువ. ఇప్పటికే కాలు వాచినవాళ్లు రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడుచుకుంటే తరచూ వచ్చే జ్వరం, నొప్పి బాగా తగ్గుతాయి.

మలేరియా మన పల్లపు ఊళ్లలో కంటే పైన ఏజెన్సీలో ఎక్కువ. రంపచోడవరం, చింతూరు వైపు పనికో, పాపికొండలకి విహారానికో వెళ్లొచ్చిన కొన్ని వారాల్లో చలి జ్వరం వస్తే ఆ ప్రయాణం మాట డాక్టరుకి ముందే చెప్పండి. ఆయన అడిగేదాకా ఆగకండి.

బురదలో దిగేవాళ్ల గడి

దమ్ము చేసేవాళ్లు, ఊడ్పులకి వెళ్లే ఆడవాళ్లు, డ్రెయిన్లలో పూడిక తీసేవాళ్లు, చెరువుల మీద పనిచేసేవాళ్లు, పారిశుద్ధ్య కార్మికులు, ఇంట్లో వీళ్లెవరైనా ఉంటే పేరు రాయండి. ఈ జబ్బులు మనిషి అశుభ్రంగా ఉన్నందుకు రావు. మనందరి అన్నం కోసం బురదలో దిగినందుకు వస్తాయి.

ఎలుక మూత్రంలోని లెప్టోస్పైరా అనే క్రిమి తడి నేలలో, నిలవ నీటిలో వారాల తరబడి బతుకుతుంది. గట్ల నిండా ఎలుక బొరియలున్న చేలో కాలి పగులు గుండా, గీరుకున్న చోటు గుండా ఒంట్లో చేరుతుంది. ఎక్కువగా 5 నుంచి 14 రోజుల్లో జ్వరం మొదలవుతుంది. పిక్కలు పట్టుకుంటే ఓర్చుకోలేనంత నొప్పి, కళ్లు ఎర్రబడటం దీని గుర్తులు. మూత్రం తగ్గిందంటే కిడ్నీల మీద పడ్డట్టు. కాళ్లు పగిలినవాళ్లు రాత్రి పడుకునే ముందు కడిగి, ఆరబెట్టి, వాజలిన్ రాసుకోవడం, పుండు ఉన్న రోజు బురదలో దిగకపోవడం, దిగక తప్పకపోతే బూట్లు వేసుకోవడం, అన్నం తినేముందు కాలువలో కాకుండా సబ్బుతో మంచినీళ్లలో చేతులు కడగడం, ఇవీ జాగ్రత్తలు. ఊడ్పుల్లో బూట్లు బురదలో దిగబడతాయని నాకు తెలుసు. అక్కడ కుదరకపోయినా డ్రెయిన్ పనిలో, వరద బురద ఎత్తేటప్పుడు బూట్లు తప్పనిసరి.

స్క్రబ్ టైఫస్ పొదల్లో, గట్టు మీది గడ్డిలో ఉండే కంటికి కనిపించనంత చిన్న నల్లి పిల్ల కుడితే వస్తుంది. కుట్టిన చోట నల్లగా, సిగరెట్‌తో కాల్చినట్టు మచ్చ పడుతుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు, అందుకే ఎవరూ చూసుకోరు. వారం రోజులుగా జ్వరం తగ్గకపోతే చంకలు, గజ్జలు, నడుము చుట్టూ, రొమ్ముల కింద, మెడ వెనక ఇంట్లోవాళ్లు దీపం పెట్టి వెతకాలి. ఆ మచ్చ కనిపిస్తే డాక్టరుకి చూపించండి. డాక్సీసైక్లిన్ అనే చవకైన మందుతో నయమవుతుంది, ఆలస్యమైతే ఊపిరితిత్తుల మీదికి పోతుంది. ఉతికిన బట్టలు గడ్డి మీద, పొదల మీద ఆరేయకండి.

కుక్క కరిస్తే మాత్రం ఆలోచనకి తావు లేదు. ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగండి, ఎందుకంటే రెండు నిమిషాలకే చాలనిపిస్తుంది. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి ఏదీ పెట్టొద్దు. అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో టీకా మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చేలా కరిస్తే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ అనే ఇంకో సూదిమందు కూడా వేయాలి. అది వేశారా అని అడగండి. రేబీస్ లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు.

మిగిలిన రెండు గడులు

గాలి గడిలో మన భాగంలో ఎక్కువ పట్టించుకోవాల్సింది క్షయ. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే గళ్ల (కఫం) పరీక్ష చేయించండి. పరీక్ష, మందులు ప్రభుత్వంలో ఉచితం. చికిత్స సాగినన్నాళ్లూ పోషకాహారానికి నెలకి 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు, 2024 నవంబరు ముందు అది 500. మందులు సాధారణంగా ఆరు నెలలు. రెండో నెలకే దగ్గు పోయి, మనిషి తేరుకుంటాడు, అక్కడే చాలామంది మానేస్తారు. మానేస్తే తిరగబెట్టేది మందులకి లొంగని క్షయ కావచ్చు. చుట్ట, బీడీ, షుగరు వ్యాధి, గాలి ఆడని గది ముప్పుని పెంచుతాయి.

రక్తం గడిలో రాయాల్సిన ప్రశ్నలు కొన్నే. ఇంట్లో ఎవరికైనా సూది వేస్తే కొత్త ప్యాకెట్ మన కళ్ల ముందు చించుతున్నారా? క్షవరంలో బ్లేడు మారుస్తున్నారా? పుట్టిన బిడ్డకి 24 గంటల్లోపు హెపటైటిస్ బి, అంటే బి రకం కామెర్ల టీకా పడిందా? హెచ్‌ఐవీ గురించి సందేహం ఉంటే 1097కి ఫోన్ చేయొచ్చు, వివరాలు గోప్యంగా ఉంచుతారు. మందులు ఉచితం. క్రమంగా వాడేవాళ్లు నిండు జీవితం గడుపుతున్నారు.

ఇంట్లో ఎవరి ఒళ్లు ఎంత తట్టుకుంటుంది

కాగితం తిప్పి, వెనక వైపు ఇంట్లో అందరి పేర్లు రాయండి. ఒకే బిందె నీళ్లు తాగిన ఐదుగురిలో ఒకరికే ప్రాణం మీదికి వస్తుంది. ఆ ఒకరు ఎవరో ముందే తెలియాలి. ఐదేళ్ల లోపు పిల్లలు, అరవై దాటినవాళ్లు, గర్భిణులు, షుగరు, కిడ్నీ, లివర్ జబ్బులు ఉన్నవాళ్లు, రోజూ మద్యం తాగేవాళ్లు, కీళ్ల నొప్పులకో ఆయాసానికో స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్లు, వీళ్ల పేరు పక్కన గుర్తు పెట్టండి. షుగరు ఉండి చేలో పనిచేసే మనిషికి రెండు గుర్తులు పెట్టండి. పాదంలో స్పర్శ తగ్గి ముల్లు గుచ్చుకున్నా తెలియదు, చిన్న పుండే కాలు తీసేదాకా పోవచ్చు. పైగా మట్టిలో ఉండే క్రిమి వల్ల మెలియాయిడోసిస్ అనే అరుదైన జబ్బు షుగరు ఉన్నవాళ్లనే ఎక్కువగా పట్టుకుంటుంది, క్షయలా కనిపించి తికమక పెడుతుంది. మందులు వాడుతున్నా జ్వరం, దగ్గు తగ్గకపోతే, పొలం పని చేస్తానని డాక్టరుకి గుర్తు చేయండి.

జ్వరం వచ్చిందా, తేదీ రాయండి

క్యాలెండర్ మీద జ్వరం మొదలైన రోజు దగ్గర 1 అని వేసి, రోజూ అంకె వేస్తూ పోండి. ఈ చిన్న పని డాక్టరుకి ఎంత ఉపయోగమో చెప్పలేను. ఏ పరీక్ష ఎప్పుడు చేయాలన్నది ఆ అంకె మీదే ఆధారపడుతుంది. డెంగీకి మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్-1 అనే రక్త పరీక్ష, ఆ తర్వాత ఐజీఎం అనే రక్త పరీక్ష. అదునుగా చేయకపోతే జబ్బు ఉన్నా లేదని వస్తుంది.

డెంగీలో భయపడాల్సింది జ్వరం బాగా ఉన్న రోజులకి కాదు, తగ్గే రోజులకి. 3 నుంచి 7 రోజుల మధ్య ఒళ్లు చల్లబడి "హమ్మయ్య" అనుకునే సమయంలోనే రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారి బీపీ పడిపోతుంది. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో రక్తం, చేతులు కాళ్లు చల్లబడటం, మగతగా ఉండటం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆస్పత్రికి. ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయని ఇంటిల్లిపాదీ టెన్షన్ పడతారు గానీ, రక్తం చిక్కబడుతోందా, బీపీ నిలుస్తోందా అన్నదే డాక్టర్లు ముందు చూస్తారు. బొప్పాయి ఆకు రసం తాగిస్తూ ఇంట్లో కూర్చుంటే ఆ కీలకమైన రోజు చేజారిపోతుంది. జ్వరానికి పారాసిటమాల్ తప్ప డైక్లోఫెనాక్ సూది, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు. ఊళ్లో సూది వేయించుకునేవాళ్లు ఈ మాట గట్టిగా చెప్పాలి.

టైఫాయిడ్ విషయంలో ఒక చిక్కుంది. ఎక్కువ ల్యాబుల్లో చేసే విడాల్ పరీక్ష ఎప్పుడో వచ్చిపోయిన ఇన్ఫెక్షన్‌కి కూడా "ఉంది" అని చూపించవచ్చు. అది పట్టుకుని వారం రోజులు యాంటీబయోటిక్ సూదులు వేయించుకుంటే డబ్బు పోవడమే కాదు, అసలు జబ్బు స్క్రబ్ టైఫసో, ఎలుక జ్వరమో అయితే అది లోపల ముదురుతుంది. మొదటి వారంలో, యాంటీబయోటిక్ మొదలుపెట్టక ముందే బ్లడ్ కల్చర్ (రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్ష) చేయించగలమా అని అడగండి.

మూడు నెలల లోపు పసిబిడ్డకి జ్వరం, ఎవరికైనా జ్వరంతో ఫిట్స్, మెడ బిగుసుకోవడం, ఆయాసం ఉంటే రోజులు లెక్కపెట్టే పనిలేదు. వెంటనే 108.

వరద తగ్గాక వారాల లెక్క

1986 ఆగస్టు వరద చూసినవాళ్లకి, 2022 జూలైలో లంకల్లో రోజుల తరబడి నీళ్లలో ఉన్నవాళ్లకి కొత్తగా చెప్పేది లేదు. నీళ్లు ఉన్నన్నాళ్లు పడవలు, వైద్య శిబిరాలు, మంచినీళ్ల ప్యాకెట్లు వస్తాయి. జబ్బులు మాత్రం శిబిరాలు ఎత్తేశాక కూడా వస్తూనే ఉంటాయి. వాటికో క్రమం ఉంది, క్యాలెండర్ మీద ముందే గుర్తు పెట్టుకోవచ్చు.

నీళ్లు తగ్గిన తేదీ రాయండి. మొదటి వారం నీళ్ల విరేచనాలది. కలరా క్రిమి కొన్ని గంటల నుంచి ఐదు రోజుల్లోపే బయటపడుతుంది. బావుల్లో, ట్యాంకుల్లో క్లోరిన్ వేశాకే వాడాలి, మునిగిన పిండి, పప్పు, ఉప్పు పారేయాలి. అదే వారంలో ఇల్లు బురద ఎత్తే పని ఉంటుంది, దాని ఫలితం ఒకటి రెండు వారాల తర్వాత ఎలుక జ్వరంగా కనిపించవచ్చు. బురద ఎత్తాల్సినవాళ్లకి ముందుజాగ్రత్తగా మాత్రలు ఇవ్వాలా అని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుని అడగండి, సొంతంగా కొని వేసుకోకండి. రెండో వారం నుంచి నిలవ నీళ్ల దోమలు, ఆ తర్వాత డెంగీ. టైఫాయిడ్ ఒకటి నుంచి మూడు వారాల్లో.

చివరికి వచ్చేవి కామెర్లు. ఏ (A) రకం రెండు నుంచి ఏడు వారాలకి, ఈ (E) రకం పది వారాల దాకా ఎప్పుడైనా బయటపడొచ్చు. జూలైలో మింగిన మురుగు నీటికి సెప్టెంబరులో కళ్లు పచ్చబడితే, ఎవరూ వరదని తలుచుకోరు. బయటి తిండి మీదో, దిష్టి మీదో నెట్టేసి పసరు తాగిస్తారు, చేతి మీద వాతలు పెడతారు. ఏ (A), ఈ (E) రకాలు చాలామందిలో వాటంతటవే తగ్గిపోతాయి, పేరు పసరుకి వస్తుంది. కానీ పొట్టలో బిడ్డ ఉన్న తల్లికి, అందులోనూ చివరి మూడు నెలల్లో, ఈ (E) రకం కామెర్లు ప్రాణాంతకం కావచ్చు. కాబట్టి వరద తగ్గిన తేదీ నుంచి పది వారాలు లెక్కపెట్టి, ఇంట్లో గర్భిణి ఉంటే ఆ పేరు పక్కన చివరి తేదీ రాసిపెట్టండి. ఆ లోపు ఆమెకి అన్నం సయించకపోయినా, వాంతులవుతున్నా, మూత్రం ముదురు పసుపు రంగులో వచ్చినా, కళ్లు పచ్చబడేదాకా ఆగొద్దు. "మా ఊరు ఫలానా తేదీన మునిగింది" అని చెప్పి అదే రోజు లివర్ పరీక్ష చేయించండి. నెలలు నిండే మనిషైతే అమలాపురం, కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరు, ఏది దగ్గరైతే అక్కడి పెద్దాస్పత్రికి నేరుగా తీసుకెళ్లండి.